ఏ పట్టికతో చదవాలో ఫైలుకు తెలియదు

మెయిన్‌ఫ్రేమ్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ను లాప్‌టాప్ మీద తెరిచి దిద్దేవాళ్ళకు తరచూ ఎదురయ్యే వింత ఒకటుంది. సీ భాషలో రాసిన ప్రోగ్రామ్‌లో తెరిచే స్క్వేర్ బ్రాకెట్ ఉండాల్సిన చోట నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ‘వై’ కనిపిస్తుంది. మూసే బ్రాకెట్ చోట గాలిలో రెండు చుక్కలుంటాయి. అదే ఫైలును (మెయిన్‌ఫ్రేమ్ వాడుకలో ‘మెంబర్’) పక్క సీటులోని సీనియర్ 3270 టెర్మినల్ తెర మీద తెరిస్తే బ్రాకెట్లు బ్రాకెట్లలాగే ఉంటాయి. ఫైలు ఒకటే, అందులోని బైట్లూ ఒకటే. వాటిని అక్షరాలుగా మార్చి చూపించే పట్టికలే రెండు.

ఉత్తరాంధ్రలో ఈ సంగతి చాలా ఇళ్ళకు దగ్గరిది. 1997లో రాజాంలో జీఎంఆర్‌ఐటీ, విజయనగరం పక్కన చింతలవలసలో ఎంవీజీఆర్ కళాశాల మొదలయ్యాయి. తర్వాత టెక్కలి, చిలకపాలెం వైపు కూడా ఇంజనీరింగ్ కళాశాలలు వచ్చాయి. వాటిలో చదివి, హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్, డీబీ2 నేర్చుకుని బ్యాంకుల, బీమా సంస్థల మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టుల్లో చేరినవాళ్ళు ఊరికి కొందరైనా ఉంటారు. కోవిడ్ కాలంలో వాళ్ళలో చాలామంది ఇంటి నుంచే పనిచేశారు. ఆ యంత్రాలకు కాలం చెల్లిందని ఎన్నిసార్లు అన్నా, 2020 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర గవర్నరే కోబాల్ తెలిసినవాళ్ళు కావాలని బహిరంగంగా అడగాల్సి వచ్చింది.

అక్షరాల పట్టికను ఎక్కడ, ఎలా, ఎవరు అమర్చాలి? ఈ ప్రశ్న గురించి ఇప్పటివరకు తేలినదేమిటి, తేలనిదేమిటి అన్నది ఈ వ్యాసం విషయం. పట్టిక ఒక్కొక్కరి ఎడిటర్ సెట్టింగుల్లో దాగి ఉన్నంతకాలం ఈ చిక్కు తీరదనీ, ప్రోగ్రామ్‌తో పాటే రాతపూర్వకంగా ప్రయాణించాలనీ చెప్పడం దీని ఉద్దేశం.

రెండు వంశాలు

కంప్యూటర్ దాచేది సంఖ్యలనే. ఏ సంఖ్య ఏ అక్షరమో చెప్పేది పట్టిక. 1963లో వచ్చిన ఆస్కీలో పెద్ద ‘ఏ’కు 65. ఐబీఎం 1964 ఏప్రిల్ 7న ప్రకటించిన సిస్టమ్/360 యంత్రాల్లో ఎబ్సిడిక్ అనే వేరే పట్టిక వాడారు. అందులో అదే అక్షరానికి 193.

ఎబ్సిడిక్‌కు పంచ్‌కార్డుల వారసత్వం ఉంది. అందుకే దాని అక్షరాలు ఒకే వరుసలో ఉండవు. ఏ నుంచి ఐ దాకా 193–201, జె నుంచి ఆర్ దాకా 209–217, ఎస్ నుంచి జెడ్ దాకా 226–233. అంకెలు అన్నిటికన్నా చివర, 240–249లో ఉంటాయి. ఆస్కీలో అంకెలు ముందు, పెద్ద అక్షరాలు తర్వాత, చిన్నవి చివర. ఎబ్సిడిక్‌లో చిన్నవి, పెద్దవి, అంకెలు అన్నది వరుస. మెయిన్‌ఫ్రేమ్‌లో సార్ట్ చేసిన జాబితా లాప్‌టాప్‌లో సార్ట్ చేసినదానితో కలవకపోవడానికి కారణం ఇదే.

ఇంతటితో ఆగితే మార్పిడి తేలికే, ఒక పట్టిక నుంచి మరో పట్టికకు. కానీ ఎబ్సిడిక్ పేరుతో ఉన్నది ఒక కుటుంబం. అమెరికా, కెనడాలకు 037, బ్రిటన్‌కు 285, జర్మనీకి 273, డెన్మార్క్–నార్వేలకు 277, అంతర్జాతీయ వాడకానికి 500, యూనిక్స్ వాతావరణానికి 1047. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు అన్నిట్లోనూ ఒకే చోట ఉంటాయి. గుర్తుల దగ్గరికి వచ్చేసరికి ఎవరి దారి వారిది. పట్టిక తప్పినా ప్రోగ్రామ్‌లో దాదాపు అంతా చక్కగా కనిపించడానికీ, తప్పు నెలల తరబడి బయటపడకపోవడానికీ ఇదే మూలం.

తేడా ఎక్కడ తగులుతుంది

మొదటి చోటు స్క్వేర్ బ్రాకెట్లు. తెరిచే బ్రాకెట్ 037లో 186, 1047లో 173, 500లో 74. మూసేది వరుసగా 187, 189, 90. కంటికి కనిపించే గుర్తుల్లో 037కూ 1047కూ తేడా ఉన్నది ఆరు స్థానాల్లోనే. ఆ ఆరూ మూడు జతలుగా ఒకదాని చోటు ఒకటి తీసుకుంటాయి. 3270 తెరను లాప్‌టాప్‌లో చూపే టెర్మినల్ ఎమ్యులేటర్ 037లో ఉండి, లాప్‌టాప్ ఎడిటర్ 1047తో చదివితే బ్రాకెట్ బదులు ఆ వింత ‘వై’ వస్తుంది. తిరగేసినా అదే వస్తుంది. మెయిన్‌ఫ్రేమ్ సీ కంపైలర్ మామూలుగా ఆశించేది 1047. కాబట్టి 037 తెర మీద ముచ్చటగా కనిపిస్తున్న బ్రాకెట్‌ను కంపైలర్ తప్పుపట్టవచ్చు. తెర మీద చెడ్డగా ఉన్నదే కంపైలర్‌కు సరైనది కావచ్చు. తెరను నమ్మి ‘దిద్దడం’ మొదలుపెడితే బాగున్నది పాడవుతుంది.

కోబాల్ వ్యాకరణంలో స్క్వేర్ బ్రాకెట్‌కు చోటు లేదు. అందువల్ల కోబాల్ మాత్రమే ఉన్న ఆఫీసుల్లో తప్పుడు అమరిక ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. ఎవరో ఒక రోజు కొటేషన్ల మధ్య జేసన్ వాక్యం రాసినప్పుడో, పక్కన ఒక సీ ప్రోగ్రామ్ చేరినప్పుడో లేస్తుంది.

రెండో చోటు ‘కాదు’ గుర్తు. పీఎల్/1 భాషలో ¬ అన్న గుర్తుతో ‘సమానం కాదు’ అని రాస్తారు. 037లో దాని సంఖ్య 95. 1047లో 95 అంటే ^ గుర్తు, ¬ మాత్రం 176. పాత ప్రోగ్రామ్‌ను 1047తో తెరిస్తే ¬ ఉన్నచోటల్లా ^ కనిపిస్తుంది. అలాగే దాచేస్తే 95 మళ్ళీ 95గానే వెళ్తుంది కనుక నష్టం లేదు. ఎక్కడో చూసిన ¬ను కాపీ చేసి అతికించినవారికి మాత్రం 176 పడుతుంది, కంపైలర్ తిరగబడుతుంది. మన కీబోర్డుల మీద ¬ లేదు, ^ ఉంది. కాబట్టి 1047 అమరికలో ^ నొక్కినవారి ప్రోగ్రామ్ నడుస్తుంది, 037 అమరికలో నొక్కినవారిది నడవదు. ఈ బాధ తెలిసే పీఎల్/1 కంపైలర్‌లో ఏయే గుర్తులను ‘కాదు’గా లెక్కించాలో చెప్పే ఆప్షన్ పెట్టారు.

మూడో చోటు #, @, $. మెయిన్‌ఫ్రేమ్‌లో డేటాసెట్ అనే ఫైళ్ళ పేర్లలోనూ మెంబర్ పేర్లలోనూ ఇవి వాడవచ్చు. 037లో వీటి సంఖ్యలు 123, 124, 91. డెన్మార్క్–నార్వే పట్టికలో ఆ మూడు స్థానాల్లో వాళ్ళ భాషలోని ప్రత్యేక అచ్చులుంటాయి. బ్రిటన్ పట్టికలో 91 అంటే £, డాలర్ 74కు జరిగింది. లండన్ క్లయింట్ £ అని ఫోన్‌లో చెబుతున్నదే విజయనగరంలోని తెర మీద $గా కనిపిస్తుంది. సిస్టమ్‌కు ఆ గొడవ పట్టదు, దానికి కావలసింది 91 మాత్రమే. యూరో వచ్చాక 037లో 159వ స్థానాన్ని దానికిచ్చి 1140 అన్న కొత్త పట్టిక చేశారు. 2010లో యూనికోడ్‌లో చేరిన మన ₹కు ఈ పాత పట్టికల్లో ఎక్కడా చోటు లేదు.

చదవడం వేరు, దాచడం వేరు

పై మూడింటిలోనూ నష్టం జరిగేది చూసినప్పుడు కాదు, దాచినప్పుడు. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ‘రౌండ్ ట్రిప్’ అన్న పరీక్ష పెడతారు. మెయిన్‌ఫ్రేమ్ నుంచి లాప్‌టాప్‌కు వచ్చి, ఏమీ దిద్దకుండా తిరిగి వెళ్ళిన ఫైలు బైటుకు బైటు మొదటిదానిలాగే ఉండాలి.

ఈ పరీక్ష ఎందుకు తప్పుతుందో చూడటానికి ఇచ్ఛాపురం వైపు వెళ్తే చాలు. అక్కడ తెలుగూ ఒడియా పక్కపక్కనే బతుకుతాయి. యూనికోడ్‌లో రెండు లిపుల పట్టికలూ ఒకే నమూనాలో ఉన్నాయి. ఒడియా ‘క’ 2837, తెలుగు ‘క’ 3093, తేడా 256. చాలా అక్షరాలకు ఇదే లెక్క సరిపోతుంది. కానీ తెలుగులో ‘ఎ’, ‘ఏ’ రెండున్నాయి, ఒడియాలో ఒకటే ఉంది. అది మన ‘ఏ’కు ఎదురుగా ఉంటుంది, ‘ఎ’కు ఎదురుగా ఉన్న గది ఖాళీ. ‘ఎల్లమ్మ’ను ఒడియా లిపిలోకి మార్చి వెనక్కి తెస్తే ‘ఏల్లమ్మ’గా వస్తుంది. రెండు అక్షరాలు ఒకే గదిలోకి వెళ్ళాక ఏది ఎవరిదో చెప్పే దారి లేదు.

మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రామ్‌లో ఇలాంటి ఖాళీ గదులు మూడు రకాలు. మొదటిది కనిపించని బైట్లు. పాతకాలం ప్రోగ్రామర్లు ఎడిటర్‌ను హెక్స్ పద్ధతిలో పెట్టి కొటేషన్ల మధ్య నేరుగా 13, 21, 37 వంటి నియంత్రణ బైట్లు పెట్టేవారు. మెయిన్‌ఫ్రేమ్‌లో రికార్డు పొడవు స్థిరం కాబట్టి అవి ఏ అడ్డూ చేయవు. లాప్‌టాప్‌కు వచ్చేసరికి అవి ‘వరుస ముగిసింది’ అన్న అర్థం తెచ్చుకుంటాయి. ఒక వరుస రెండవుతుంది, వెనక్కి పంపితే రెండు రికార్డులుగానే వెళ్తుంది. ఆ బైట్లను నేరుగా పెట్టకుండా హెక్సాడెసిమల్ లిటరల్‌గా, అంటే కనిపించే అక్షరాలతో రాయడం దీనికి శాశ్వత పరిష్కారం.

రెండోది వర్డ్ డాక్యుమెంట్ నుంచో మెయిల్ నుంచో కాపీ చేసిన వంపు కొటేషన్లు. 037లోనూ 1047లోనూ వాటికి చోటు లేదు. మార్పిడి చేసే సాఫ్ట్‌వేర్ ఆపి హెచ్చరించాలి, లేకపోతే ‘ప్రత్యామ్నాయం’ అని అర్థం వచ్చే 63ను అక్కడ పెడుతుంది. అన్నీ 63 అయ్యాక అసలు ఏముండేదో చెప్పలేం.

మూడోది మన అక్షరాలే. కోబాల్ వ్యాఖ్యలో ‘శ్రీకాకుళం’ అని తెలుగులో రాస్తే లాప్‌టాప్‌లో బాగానే కనిపిస్తుంది. చూపుకు నాలుగు అక్షరాలు, యూనికోడ్‌లో పది సంకేతాలు, ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 30 బైట్లు. 1047లోకి వెళ్తే పదికి పదీ పోతాయి.

వరుసలూ నిలువు గీతలూ

కోబాల్ వరుస 80 స్థానాల పంచ్‌కార్డు కొలత. మొదటి ఆరూ వరుస సంఖ్యకు, ఏడోది వ్యాఖ్య లేదా కొనసాగింపు గుర్తుకు, 8–11 ఏ ప్రాంతం, 12–72 బీ ప్రాంతం. 73–80ని కంపైలర్ పట్టించుకోదు. లాప్‌టాప్ ఎడిటర్లకు ఈ కొలతలు పుట్టుకతో రావు. ట్యాబ్ నొక్కితే తెర మీద నాలుగో ఎనిమిదో ఖాళీలు కనిపించవచ్చు, ఫైల్లోకి వెళ్ళేది ఒకే బైటు. దాంతో వెనక ఉన్నదంతా ఎడమకు జరుగుతుంది. ఎడిటర్‌లో ట్యాబ్‌ను ఖాళీలుగా మార్చే అమరిక మొదటి రోజే పెట్టుకోవాలి.

72వ స్థానం దాటిన వాక్యం ఇంకో ఉచ్చు. ఎడిటర్ దాన్ని చూపిస్తుంది, కంపైలర్ చూడదు. 80 దాటితే కొన్ని సాధనాలు దాచనివ్వవు, కొన్ని కత్తిరించి దాచేస్తాయి. రెండో రకం ప్రమాదకరం. బైట్లకూ స్థానాలకూ పొంతన తప్పే సందర్భం కూడా ఉంది. £ గుర్తు ఎబ్సిడిక్‌లో ఒక బైటు, యూటీఎఫ్-8లో రెండు. బైట్లు లెక్కపెట్టే సాధనం వరుస పొడవైందని ఫిర్యాదు చేస్తుంది, అక్షరాలు లెక్కపెట్టేది చేయదు.

సాధనాలు ఏమిస్తున్నాయి

పాత దారి ఎఫ్‌టీపీ. టెక్స్ట్ పద్ధతిలో పంపితే సర్వర్ తన డిఫాల్ట్ పట్టికతో మారుస్తుంది. వేరే పట్టిక కావాలంటే సైట్ కమాండ్‌తో రెండు పక్కల పట్టికల పేర్లూ చెప్పవచ్చు. చెప్పే అవకాశం ఉందని తెలిసినవాళ్ళు తక్కువ. ఆ సెషన్ ముగియగానే చెప్పినదీ పోతుంది. బైనరీ పద్ధతిలో పంపితే బైట్లు మారవు కానీ, లాప్‌టాప్‌లో చదవడానికి పనికిరావు.

మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్ కోసం చేసిన ‘ఐబీఎం డెవలపర్ ఫర్ జెడ్/ఓఎస్’ ఎడిటర్ ఇంకో మెట్టు పైకి వెళ్ళింది. డేటాసెట్ పేరు నమూనాను బట్టి ఏ ఎక్స్‌టెన్షన్‌తో తెరవాలి, టెక్స్టా బైనరీనా, మెయిన్‌ఫ్రేమ్ పక్క ఏ పట్టిక, లాప్‌టాప్ పక్క ఏ పట్టిక అన్నవి ముందే అమర్చవచ్చు. సీ లైబ్రరీలకు 1047, పాత పీఎల్/1 లైబ్రరీలకు 037 అని వేర్వేరుగా పెట్టుకునే వీలు దీని బలం. అయితే ఆ అమరిక పెట్టినవారి వర్క్‌స్పేస్‌లోనే ఉండిపోవచ్చు. కొత్తగా చేరినవారికి అందించే క్రమం లేకపోతే వాళ్ళు డిఫాల్ట్‌తోనే మొదలుపెడతారు.

2018లో ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టు కింద మొదలైన జోవీ, వీఎస్ కోడ్ ఎడిటర్‌కు దాని ఎక్స్‌టెన్షన్ ఇప్పుడు కొత్తవాళ్ళకు ఇష్టమైన దారి. ఇది మెయిన్‌ఫ్రేమ్‌లోని జెడ్/ఓఎస్‌ఎంఎఫ్ సేవ ద్వారా ఫైళ్ళు తెస్తుంది. ఏమీ చెప్పకపోతే ఆ సేవ 1047 అనుకుంటుంది. టెర్మినల్ ఎమ్యులేటర్లు చాలాచోట్ల 037తో నడుస్తాయి. మొదట చెప్పిన బ్రాకెట్ల వింత ఎక్కువగా ఈ రెండు డిఫాల్ట్‌ల మధ్యే పుడుతుంది. ప్రొఫైల్‌లో ఎన్‌కోడింగ్ పేరు రాస్తే తీరుతుంది, ఒక్కో ఫైలును వేరే ఎన్‌కోడింగ్‌తో తెరిచే వీలూ ఉంది. ఒక అపోహ మాత్రం వదలాలి. ఎడిటర్ అడుగున కనిపించే ‘యూటీఎఫ్-8’ లాప్‌టాప్‌లోని ప్రతికి సంబంధించింది. మెయిన్‌ఫ్రేమ్ పక్క ఏ పట్టిక ఉందో అది చెప్పదు.

జెడ్/ఓఎస్ యూనిక్స్ విభాగంలో ఫైలుకే ట్యాగ్ వేయవచ్చు, ఇది 1047లో ఉంది అని. సీ ప్రోగ్రామ్ లోపలే ఆ మాట కంపైలర్‌కు చెప్పే ప్రాగ్మా అనే సూచన కూడా ఉంది. కోబాల్ ప్రోగ్రామ్‌లు ఎక్కువగా ఉండే లైబ్రరీ మెంబర్లకు మామూలుగా అలాంటి ట్యాగ్ లేదు.

ప్రోగ్రామ్‌ల మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌కు మారిన సంస్థల పద్ధతి వేరు. రిపాజిటరీలో అంతా యూటీఎఫ్-8లో ఉంటుంది. మెయిన్‌ఫ్రేమ్‌లో దించేటప్పుడు ఏ రకం ఫైలు ఏ ఎబ్సిడిక్ పట్టికలోకి మారాలో గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలు చెబుతుంది. ఆ ఫైలు ప్రోగ్రామ్‌లతో పాటే నిల్వ ఉంటుంది, ఎవరు ఎప్పుడు మార్చారో చరిత్ర మిగులుతుంది, క్లోన్ చేసిన ప్రతివారికీ వస్తుంది. పట్టికను మనిషి నుంచి విడదీసి ప్రోగ్రామ్ పక్కన పెట్టిన పద్ధతి కాబట్టి దీన్నే మేలైనదిగా ఎంచాలి. దీనికీ ఒక షరతుంది. మొదటిసారి గిట్‌లోకి మార్చేటప్పుడు కనిపించని బైట్లున్న మెంబర్లను వెతికి పట్టుకోకపోతే, పాడైన ప్రతే చరిత్రలో మొదటి ప్రతిగా నిలిచిపోతుంది.

మన అక్షరాల అనుభవం

ఈ పాఠం తెలుగువాళ్ళకు ఇంకో దారిలో ముందే అందింది. డీటీపీ షాపుల్లో అను, శ్రీలిపి ఫాంట్లతో కొట్టిన శుభలేఖలూ పుస్తకాలూ తెలుగు సంకేతాల్లో లేవు. ఇంగ్లిష్ గుర్తుల సంఖ్యల మీద తెలుగు ముక్కల బొమ్మలు పెట్టిన ఏర్పాటది. ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తెలుగు, లేనిచోట అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు. ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక. తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు కూడా కొంతకాలం ఇలాగే నడిచాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ యాడాన్ రావలసి వచ్చింది. 1991లోనే భారతీయ లిపులకు ఉమ్మడి ప్రమాణంగా ఇస్కీ, అదే ఏడాది యూనికోడ్ మొదటి సంపుటం వెలువడ్డాయి. అయినా ప్రమాణం ఉండటం ఒకటి, ఫైలు ఏ ప్రమాణంలో ఉందో దాని మీద రాసి ఉండటం ఇంకొకటి.

సవర భాషది ఇంకా లోతైన కథ. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవరకు మొదట తెలుగు లిపిలో వాచకాలు రాశారు. 1931 నాటి సవర వ్యాకరణ గ్రంథంలో, 1938 నాటి నిఘంటువులో రోమన్ అక్షరాల ఆధారంగా ధ్వనిలిపి వాడారు. 1936లో ఒడిశా వైపు మంగెయి గొమాంగో సవరకు సొంత లిపిగా సొరంగ్ సొంపెంగ్ తయారుచేశారు. సీతంపేట వైపు బడుల్లో సవర పాఠాలు తెలుగు లిపిలో, సరిహద్దు అవతల ఒడియా లిపిలో నడిచాయి. గొంతులో గాలి ఒక్కసారి ఆగి పలికే సవర ధ్వనికి తెలుగు వర్ణమాలలో అక్షరం లేదు. కాబట్టి ధ్వనిలిపి నుంచి తెలుగులోకి మార్చిన మాట, అదనపు గుర్తేదీ పెట్టకపోతే, రౌండ్ ట్రిప్ పరీక్షలో నిలవదు.

సొరంగ్ సొంపెంగ్‌కు 2012లో యూనికోడ్ 6.1లో చోటు దొరికింది. 25 అక్షరాలు, 10 అంకెలు. ఆ గదులు 69840 దగ్గర మొదలవుతాయి. 65535 దాటిన సంకేతాలు కాబట్టి యూటీఎఫ్-16లో ఒక్కొక్కటి రెండు స్థానాలు తీసుకుంటుంది. కోబాల్ ‘నేషనల్’ రకం డేటాలో తెలుగు సంకేతం ఒక స్థానంలో ఇముడుతుంది, సొరంగ్ సొంపెంగ్ అక్షరం ఇమడదు. రేపు సీతంపేట ఏజెన్సీలోని ఖాతాదారు పేరును సవర లిపిలో దాచాలని ఏ బ్యాంకయినా అనుకుంటే, పేరు గడి పొడవు లెక్క అక్కడే తప్పుతుంది.

తేలినదీ తేలనిదీ

తేలిన సంగతులు మూడు. ఏ పట్టిక సరైనదో తెరను చూసి నిర్ణయించకూడదు. మెయిన్‌ఫ్రేమ్‌లోని ఐఎస్‌పీఎఫ్ ఎడిటర్‌లో హెక్స్ ఆన్ చేసి బైటు విలువ చూడాలి, అది కంపైలర్ ఆశించే విలువతో సరిపోవాలి. రెండోది, బ్రాకెట్లు, ¬, ^, |, #, @, $, £ అన్నీ ఉన్న ఒక చిన్న పరీక్ష మెంబర్‌ను ప్రతి ప్రాజెక్టులో ఉంచాలి. కొత్త ఎడిటర్ వచ్చినా, కొత్త మనిషి చేరినా అది వెళ్ళి వచ్చి బైటుకు బైటు సరిపోయాకే అసలు ప్రోగ్రామ్ ముట్టుకోవాలి. మూడోది, అమరికలు రిపాజిటరీలో ఉండాలి. గిట్ లేని చోట కనీసం ప్రాజెక్టు ఉమ్మడి డాక్యుమెంట్‌లో, లైబ్రరీ పేరుకు ఎదురుగా పట్టిక సంఖ్య రాసి ఉండాలి.

తేలనిది, పాత ప్రోగ్రామ్‌లన్నిటినీ ఒకే పట్టికకు తేవాలా అన్నది. 037లో పుట్టినవన్నీ 1047కు మారిస్తే అమరిక ఒకటే అవుతుంది. కానీ కొటేషన్ల మధ్య ఉన్న గుర్తుల విలువలు మారితే ప్రోగ్రామ్ నడకే మారవచ్చు. పాత డేటాలో 186గా ఉన్న బ్రాకెట్‌ను కొత్త ప్రోగ్రామ్ 173గా వెతుకుతుంది, దొరకదు. డేటాను కూడా మార్చగలిగిన సంస్థలకే ఏకరూపత లాభం. మిగతావాళ్ళకు ఎక్కడ ఏ పట్టిక ఉందో అక్కడే ఉంచి, స్పష్టంగా రాసిపెట్టుకోవడమే క్షేమం.

మన కళాశాలల్లో ఆస్కీ, యూనికోడ్ పాఠాలు నిర్వచనాలతో ముగుస్తాయి. ప్రయోగశాలలో ఒక పూట కేటాయిస్తే చాలు. ఒకే ఫైలును 037తో, 1047తో, 500తో తెరిపించి, దాచించి, బైట్లు పోల్పించాలి. అను ఫాంటులో కొట్టిన పేజీ ఒకటి ఇచ్చి యూనికోడ్‌లోకి మార్చే పట్టిక రాయించాలి. ఆ పని ఒక్కసారి చేసిన విద్యార్థి ఉద్యోగంలో ఏ ఎడిటర్ తెరిచినా, ఈ ఫైలును ఏ పట్టికతో చదవాలని ఎక్కడ రాసి ఉందో ముందు వెతుకుతాడు. రాసి లేకపోతే తనే రాస్తాడు.